కుందారపల్లిలో మూడు దోనెల పడవ

మా కుందారపల్లి పేరు చెబితే చుట్టుపక్కల జనానికి ముందు గుర్తొచ్చేది శుక్రవారం సంత. తెల్లారక ముందే మేకలు, గొర్రెలు, ఎద్దులు దిగిపోతాయి. పండగలు దగ్గర పడితే ఆంధ్రా నుంచీ కర్ణాటక నుంచీ కూడా బేరగాళ్ళు వస్తారు. ఒక పక్క హొసూరు, ఇంకొక పక్క క్రిష్ణగిరి. నడిమిన హైవే మీద రాత్రీ పగలూ లారీలు. ఎటు చూసినా మామిడి తోటలు, రాతి గుట్టలు. ఇలాంటి ఊళ్ళో పడవ కడుతున్నామంటే ఎవరికైనా నవ్వు రాకుండా ఉంటుందా? మాకూ వచ్చింది. పోయినేడు మా ఇంటి వసారాలో మేము కట్టింది పడవే. అదీ ఒక దోనె పడవ కాదు, మూడు దోనెల పడవ.

ఆ కథ చెప్పాలంటే ముందు మా నాయన సంగతి చెప్పాలి. ఆయన మిల్లులో వడ్రంగి సెక్షన్‌లో ముప్ఫై ఏండ్లకు పైగా పని చేసినాడు. ఒకప్పుడు మిల్లులో చెక్క పని లేని దినం ఉండేది కాదు. పెట్టెలు, రాకులు, బల్లలు, బండ్లు అన్నీ చెక్కవే. తరువాత్తరువాత ప్లాస్టిక్ వచ్చింది, రేకు వచ్చింది. నాయన రిటైరయ్యే నాటికి ఆ సెక్షన్‌లో మిగిలింది ఇద్దరే. ఇంటికొచ్చినాక రంపం, చిత్రిక, ఉలి, బాడిశ ఒక గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టేసినాడు. పొద్దున్నే కూడలి దాకా పోయి టీ తాగి వచ్చేది, పేపరు చూసేది, మళ్ళా మంచమెక్కేది. "చేతులు ఊరికే ఉంటే మనిషి తొందరగా ముసలోడై పోతాడురా" అని అమ్మ నాతో గొణిగేది.

ఒక ఆదివారం షిఫ్టు లేకపోతే ఆయననూ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయినీ తీసుకుని కె.ఆర్.పి. డ్యాముకు పోయినాను. మన వాళ్ళలో చూడనోళ్ళు తక్కువే కదా. క్రిష్ణగిరి దాటి ధర్మపురి వైపు పోతే వస్తుంది. కామరాజరు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1950ల చివర్లో కట్టిన డ్యాము. నిండు మట్టం 52 అడుగులు. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని, తమిళంలో తెన్‌పెన్నై, హొసూరు దగ్గర కెలవరపల్లి డ్యాములో ఆగి, అక్కడి నుంచి ఇక్కడికి వస్తుంది. బెంగుళూరు మురుగు కలిసి కెలవరపల్లి దగ్గర తెల్లటి నురగ గాలికి లేవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇక్కడికొచ్చే సరికి నీళ్ళు కొంచెం నెమ్మదిస్తాయి. పార్కులో పిల్లలు ఆడుకుంటారు. బయట అంగళ్ళలో చేప వేపుడు వాసన కడుపులో ఆకలి లేపుతుంది.

మా అమ్మాయి చూపు మాత్రం నీళ్ళ మీది పరిసళ్ళ మీద పడింది. మన పెద్దలు పుట్టి అంటారు, రాయలసీమలో హరిగోలు అంటారు. వెదురు బద్దలతో గుండ్రంగా బుట్టలాగ అల్లి, వెనకట తోలు కప్పేవాళ్ళు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తారు. హొగేనకల్‌లో కావేరి మీద మనం ఎక్కి తిరిగేదీ ఇదే. దానికి ముందూ వెనకా లేదు. తెడ్డు వేసేవాడు ఎటు కూర్చుంటే అదే ముందు.

"తాతా, అంత చిన్న బుట్ట మనిషిని ఎట్లా మోస్తుంది?" అని అడిగింది అమ్మాయి.

"బుట్ట ఎంత నీళ్ళను పక్కకు తోస్తుందో ఆ నీళ్ళ బరువంత మోస్తుంది అమ్మణ్ణీ. అల్లిక గట్టిగా ఉండాల, తారు సందు లేకుండా ఉండాల, అంతే" అన్నాడు నాయన. చాలా దినాల తరువాత ఆయన గొంతులో పని మాట వినిపించింది.

ఆ మాట నా మనసులో పడింది. బెంగుళూరు పోయినప్పుడు పాత పుస్తకాల అంగట్లో ఒక అమెరికా పత్రిక దొరికింది. 1960ల నాటిది, అట్ట చిరిగింది. అందులో ఇంటి పెరట్లో ప్లైవుడ్డుతో మూడు దోనెల పడవ కట్టుకోవడం గురించి బొమ్మలతో సహా ఉంది. ఇరవై రూపాయలు పెట్టి కొని తెచ్చి నాయన ముందర పెట్టినాను.

ఆయన అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసినాడు. "ఇదేమిరా, మూడు దోనెలు? నీళ్ళలో పోవడానికి ఒకటి చాలదా?"

ఇక్కడ కొంచెం ఆగి ఈ పడవ సంగతి చెప్తాను, ఎందుకంటే ఇందులో మన వైపు మాట ఒకటి దాగి ఉంది.

తమిళంలో కట్టుమరం అంటే కట్టిన మాను. మన తెలుగు తీరంలో దాన్నే తెప్ప అంటారు. మూడో నాలుగో అయిదో దుంగలను తాడుతో కట్టి సముద్రంలో దించుతారు. 17వ శతాబ్దం చివర్లో ఈ తీరాలకొచ్చిన ఇంగ్లీషు ఓడ మనుషులు ఆ మాటను విని తమ పుస్తకాల్లో రాసుకున్నారు. అది వాళ్ళ నోట్లో కాటమరాన్ అయింది. పోగా పోగా రెండు దోనెల పడవకు ఆ పేరు స్థిరపడింది. తరువాత 1940లలో అమెరికాలో స్థిరపడిన విక్టర్ చెచెట్ అనే ఉక్రెయిన్ మనిషి మూడు దోనెల పడవలు కట్టి, మూడుకు 'ట్రై' తగిలించి ట్రైమరాన్ అని పేరు పెట్టినాడు. అంటే ఆ ఇంగ్లీషు పేరులో సగం మన తూర్పు తీరం బెస్తవాళ్ళ మాటే. పడవ రూపం మాత్రం ఇక్కడిది కాదు. పడవకు రెండు పక్కలా తేలే కట్టెలు కట్టే పద్ధతి ఫిలిప్పీన్స్, ఇండోనేషియా జనానిది, వందల ఏండ్ల నాటిది.

దాని కిటుకు మనకు తెలిసిందే. చిన్నప్పుడు బావిలో ఈత నేర్చుకునేటప్పుడు రెండు చంకల కింద ఎండు సొరబుర్రలు కట్టుకునేవాళ్ళం కదా, అదే ఇది. నడిమి దోనె మనిషినీ సామానునూ మోస్తుంది. పక్క దోనెలు రెండూ బుర్రల మాదిరి. గాలి చాపను నెట్టి పడవను ఒక పక్కకు ఒరగదీస్తే, ఆ పక్క దోనె నీళ్ళలోకి దిగి, పైకి తోసి, పడవను నిలబెడుతుంది. మామూలు చాప పడవకు ఒరగకుండా అడుగున సీసమో ఇనుమో బరువుగా పెట్టాలి. దీనికి అక్కరలేదు. అందుకే తేలిక, అందుకే వేగం. కానీ ఒక కష్టముంది. అడుగున బరువున్న పడవ పల్టీ కొట్టినా మళ్ళా లేస్తుంది. మూడు దోనెల పడవ సముద్రంలో తలకిందులైతే దానంతట అది లేవదు.

దీన్ని పెరటి వడ్రంగుల దాకా తెచ్చినవాడు ఆర్థర్ పైవర్. కాలిఫోర్నియాలో అచ్చు పని చేసుకునే మనిషి. పెద్ద ఓడల కంపెనీలతో పని లేకుండా, ప్లైవుడ్డు పలకలు, చట్టాలు, మరలు, జిగురుతో ఎవరైనా కట్టుకోగలిగేలా కొలతలు గీసి అమ్మినాడు. నింబుల్ అనే 30 అడుగుల పడవను తానే కట్టి 1960లో ఇద్దరు తోడుతో అట్లాంటిక్ దాటినాడు. అది చూసి ఎందరో మామూలు జనం సెలవు దినాల్లో తమ పెరళ్ళలో పడవలు కట్టడం మొదలుపెట్టినారు. ఆయన 1968లో ఒంటరిగా సముద్రం మీదికి పోయి తిరిగి రాలేదు.

మేము ఎంచుకున్నది ఆ 30 అడుగుల పడవనే, కాకపోతే ఆరో వంతు. అంటే 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. మనిషి ఎక్కేది కాదు, చెరువులో తాడు కట్టి వదిలేది. పెద్దది కట్టడానికి డబ్బూ లేదు, తావూ లేదు, పర్మిషన్లూ లేవు. "చిన్నదానిలో తప్పు చేస్తే పది రూపాయలతో పోతుంది, పెద్దదానిలో చేస్తే మనిషి పోతాడు" అన్నాడు నాయన.

అటక మీది గోనెసంచి కిందికి దిగింది. ఉలికి నూనె, రంపానికి ఆకురాయి. అమ్మ ముఖం వెలిగిపోయింది కానీ పైకి మాత్రం "వసారా అంతా పొట్టు, ఎవరు ఊడ్చేది?" అని సణుగుతూ ఉండింది.

పని ఇట్లా సాగింది. ముందు తెల్ల కాగితం మీద అడ్డపలకల ఆకారం గీసుకున్నాం. నడిమి దోనెకు తొమ్మిది, పక్క దోనెలకు అయిదేసి. ఇవి మన పక్కటెముకల మాదిరి. అడ్డంగా కోస్తే ఒక్కొక్కటి వేపాకు మొన లాగ కిందికి కోసుగా ఉంటుంది. వాటిని ఒక నిటారు బల్ల మీద వరసగా బోర్లించి నిలబెట్టి, పొడవునా సన్న చట్టాలు వంచి కట్టి, వాటి మీద పలుచటి ప్లైవుడ్డు తొడిగి, జిగురుతో అతికి, చిన్న ఇత్తడి మరలు బిగించాలి. ఇనుప మేకులు నాయన ముట్టనివ్వలేదు. "తుప్పు పట్టి చెక్కను తినేస్తాది" అన్నాడు. మూడింటినీ కలిపేది రెండు అడ్డదూలాలు. చాపకు పాత గొడుగుల గుడ్డ. మా ఆవిడ మిషన్ మీద కుట్టి ఇచ్చింది. చాప నిండా గాలి పట్టాలంటే గుడ్డను బల్లపరుపుగా కాక కొంచెం పొట్ట వచ్చేటట్టు ముక్కలు కోసి కుట్టాలని ఆవిడకే తోచింది, జాకెట్టు కుట్టేవాళ్ళకు అది తెలిసిన విద్యే.

ప్లైవుడ్డు దగ్గర నాయన ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పినాడు. అంగట్లో అన్నీ ఒకే రకంగా కనిపిస్తాయి. మామూలు ఎం.ఆర్. రకం ఇంటి లోపలి బీరువాలకు సరిపోతుంది, తడి తగిలితే పొరలు విడిపోతాయి. నీళ్ళలో ఉండేదానికి ఐ.ఎస్. 710 గుర్తు ఉన్న మెరైన్ రకం కావాలి. దాని ముక్కను 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచినా అతుకు ఊడకూడదు, పరీక్ష అది. నాయన రెండు రకాల ముక్కలూ తెచ్చి అమ్మ పొయ్యి మీద పాత కుండలో మరిగించినాడు. ఒక పూటకే మామూలు ముక్క ఉల్లిపొరల మాదిరి విడిపోయింది. రెండోది అట్లనే ఉండింది. అమ్మాయి స్కూలు నోటుబుక్కులో రెండిటి బొమ్మలూ వేసుకుంది.

ఇక నా తప్పు చెప్తాను. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించినాను.

మెరైన్ ప్లైవుడ్డు ఖరీదు. నడిమి దోనెకూ ఎడమ పక్క దోనెకూ అయిపోయింది. కుడి పక్క దానికి తక్కువ పడింది. ఆ నెల ఓవర్‌టైమ్ లేదు, స్కూలు ఫీజు కట్టాల్సి ఉంది. అమ్మాయేమో వచ్చే ఆదివారం చెరువులో వదులుతున్నామని స్నేహితురాళ్ళందరికీ చెప్పేసింది. నాయన రెండు దినాలు చుట్టాలింటికి పోయినప్పుడు, ఇంట్లో ఉన్న మామూలు ముక్కలతో కుడి దోనెకు తొడుగు వేసేసినాను. రెండు డబ్బాల జిగురు కూడా అయిపోతే తెల్ల జిగురే పూసినాను. పైన మూడు చేతుల పెయింటు కొట్టినాక నాకే తేడా తెలియలేదు. నాయన వచ్చి చేతితో తడిమి, "బాగా వచ్చిందిరా" అన్నాడు. నేను నోరు తెరవలేదు.

ఆదివారం చెరువు గట్టు మీద ఇరవై మంది దాకా పోగయినారు. టెంకాయ కొట్టినాం. అమ్మాయి పడవను నీళ్ళలో పెట్టి తాడు వదిలింది. గాలి పట్టగానే చాప నిండింది, పడవ ఒక్క ఉదుటున ముందుకు పోయింది. గట్టు మీద పిల్లలు కేకలు. గాలి తగిలిన కొద్దీ కుడి దోనె నీళ్ళలోకి దిగడం, పైకి లేవడం. పుస్తకంలో చదివింది కళ్ళ ముందర జరుగుతా ఉంటే నాకు ఒళ్ళు పులకరించింది. పావుగంట బాగానే ఆడింది. తరువాత కుడి దోనె దిగింది దిగినట్టే ఉండిపోయింది. ఇంకొంచెం దిగింది. ఎడమ దోనె గాల్లోకి లేచింది. పడవ నెమ్మదిగా పక్కకు పడిపోయి, చాప నీళ్ళ మీద పరచుకుంది. తాడు పట్టి లాక్కొచ్చినాం.

నాయన ఒక్క మాట మాట్లాడలేదు. కుడి దోనె అడుగున బొటనవేలు పెట్టి నొక్కినాడు. పెయింటు కింద పొర మెత్తగా జరిగింది. నా వైపు చూసినాడు, అమ్మాయి వైపు చూసినాడు, పడవను భుజానికెత్తుకుని ఇంటి దారి పట్టినాడు. అందరి ముందూ నన్ను అననందుకు నాకు ఇంకా సిగ్గయింది.

ఆ రాత్రి అన్నాలైనాక అమ్మాయే అడిగింది, "తాతా, తప్పు ఎక్కడ జరిగింది?" అని. నాయన చెప్పలేదు, నేను చెప్పినాను. పలకలు మార్చిన సంగతి, జిగురు సంగతి, మూడు చేతుల పెయింటు సంగతి. అమ్మాయి ఏమీ అనకుండా నోటుబుక్కు తెచ్చి, ఉల్లిపొర బొమ్మ ఉన్న పేజీ తీసి నా ముందర పెట్టింది.

అప్పుడు నేను ఈ పడవల గురించి చదివిన ఇంకొక కథ వాళ్ళకు చెప్పినాను. మీకూ చెప్తాను.

1968లో ఇంగ్లండులో ఒక పత్రిక పందెం పెట్టింది. ఎక్కడా ఆగకుండా, ఒంటరిగా, చాప పడవలో భూమి చుట్టి రావాలి. అప్పటి దాకా ఎవరూ చేయనిది. తొమ్మిది మంది బయలుదేరినారు. అందులో ఇద్దరివి పైవర్ గీసిన 40 అడుగుల ప్లైవుడ్డు పడవలు, మూడేసి దోనెలవి. ఒకరు నైజల్ టెట్లీ, ఇంకొకరు డొనాల్డ్ క్రౌహర్స్ట్. మూడో మనిషి రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. ఆయన పడవ సుహైలీ, 32 అడుగులది. అది ఎక్కడ కట్టిందో తెలుసా? మన బొంబాయిలో, కొలాబాలో. పాత కాలం నమూనా, టేకు మాను. బాడిశ, తాడుతో తిప్పే బరమా లాంటి పాత పనిముట్లతో మన దేశం వడ్రంగులు కట్టి 1964 డిసెంబరులో నీళ్ళలోకి దించినారు. పందెంలో అందరికంటే మెల్లగా పోయే పడవల్లో అదొకటి.

క్రౌహర్స్ట్ చిన్న ఎలక్ట్రానిక్స్ వ్యాపారి. పెళ్ళాం, నలుగురు పిల్లలు. వ్యాపారం దెబ్బతిని, పందెం గెలిస్తేనే ఇల్లు నిలబడుతుందనే స్థితి. పడవ హడావిడిగా కట్టించి, గడువు ఆఖరి దినం అక్టోబరు 31న బయలుదేరినాడు. కొద్ది దినాలకే నీళ్ళు లోపలికి రావడం మొదలైంది. ముందుకు పోతే చావు, వెనక్కి పోతే అప్పులు. ఆయన రెండూ చేయలేదు. అట్లాంటిక్‌లోనే తిరుగుతూ, చాలా దూరం పోయినట్టు రేడియోలో దొంగ లెక్కలు పంపినాడు. పక్క దోనె ప్లైవుడ్డు చీలిపోతే ఎవరికీ తెలియకుండా అర్జెంటీనా ఒడ్డున దిగి అతుకు వేసుకున్నాడు కూడా.

టెట్లీ నిజంగానే భూమి చుట్టి వచ్చినాడు. ఇల్లు దగ్గర పడుతోంది. వెనక క్రౌహర్స్ట్ తరుముకొస్తున్నాడని రేడియోలో విని, అప్పటికే దెబ్బతిన్న పడవను తొందరపెట్టినాడు. 1969 మే నెలలో అజోర్స్ దీవుల దగ్గర ప్లైవుడ్డు విడిపోయి పడవ మునిగింది. ఆయన తెప్పలోకి దిగి ప్రాణం దక్కించుకున్నాడు. తన తప్పు లేకుండా ఇంకొకరి అబద్ధానికి పడవను పోగొట్టుకున్నాడు. ఇక గెలుపు తనదే అవుతుందని, లెక్కల పుస్తకం అందరూ చూస్తారని క్రౌహర్స్ట్‌కు అర్థమైంది. జులైలో ఆయన పడవ ఒంటరిగా తేలుతూ దొరికింది. నిజం లెక్కలూ దొంగ లెక్కలూ అందులోనే ఉన్నాయి, మనిషి లేడు.

మెల్లగా పోయిన సుహైలీ మాత్రం 312 దినాల తరువాత, 1969 ఏప్రిల్ 22న ఒడ్డు చేరింది. పందెం పూర్తి చేసింది అదొక్కటే. గెలిచినాయన తనకొచ్చిన 5,000 పౌండ్లు క్రౌహర్స్ట్ భార్యాబిడ్డలకే ఇచ్చేసినాడు.

కథ అయిపోయినాక మా నాయన చాలాసేపటికి అన్నాడు: "పాపం ఆ మనిషి. ఇంట్లో కష్టమని చెప్పుకోవడానికి ఒక్కడు లేకపోయినాడే." తరువాత నా వైపు తిరిగి, "పలక తక్కువైందని నాకు చెప్పి ఉంటే ఒక నెల ఆగేవాళ్ళం కదరా. ఆగితే ఏం పోయింది?" అన్నాడు. అంతే. ఆ మాట మళ్ళా ఎత్తలేదు.

నెల కాదు, రెండు నెలలు ఆగినాం. ఓవర్‌టైమ్ వచ్చినాక మంచి పలక తెచ్చినాం. పాత కుడి దోనెను పగలగొట్టనివ్వలేదు అమ్మాయి. అది ఇప్పటికీ వసారాలో మేకుకు వేలాడుతూ ఉంది, నేను డ్యూటీకి పోయేటప్పుడు తలకు తగిలేటట్టు. కొత్తది తాతా మనవరాలే కట్టినారు. ఈసారి జిగురు పూసిన ప్రతి అతుకు పక్కనా తారీఖు, ఏ జిగురు, ఎవరు పూసినారు అని లోపలి వైపు పెన్సిలుతో రాసింది అమ్మాయి. మూసేస్తే ఎవరికీ కనపడదు కదా అంటే, "నాకు తెలుసు కదా నాయనా" అంది.

రెండోసారి గట్టు మీద మేము ముగ్గురం, మా ఆవిడ, అమ్మ, అంతే. పొద్దు వాలే దాకా పడవ ఆడింది. ఒక్క చుక్క లోపలికి పోలేదు.

ఆ తరువాత నాయన ఒకటే పట్టు పట్టినాడు, మన డ్యాము నీళ్ళు ఎక్కడికి పోతాయో చూడాలని. వేసవి సెలవుల్లో బయలుదేరినాం. క్రిష్ణగిరి నుంచి ఊత్తంగరై, తిరువణ్ణామల మీదుగా బస్సులు మారి మారి కడలూరు చేరే సరికి పొద్దు పోయింది. డ్యాము దాటిన పెన్న సాత్తనూరు డ్యాములో ఆగి, చివరికి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. తెల్లవారి తాళంగుడ అనే బెస్తపల్లె వైపు పోయి చూసినాం. మన ఇంటి దగ్గర నురగ కక్కిన నది అక్కడ ఇసక మధ్య సన్నగా, చడీ చప్పుడు లేకుండా ఉప్పునీళ్ళలోకి జారుతా ఉండింది. అమ్మాయి చెప్పులు విప్పి ఒక కాలు ఏట్లో, ఒక కాలు సముద్రంలో పెట్టి నిలబడింది.

ఒడ్డున ఉన్నవన్నీ దాదాపు ఫైబర్ పడవలే. 2004 సునామీలో ఈ తీరం చాలా దెబ్బతింది. ఆ తరువాత సాయంగా వచ్చినవి ఎక్కువ ఫైబర్ పడవలు. కట్టుమరాలు తగ్గిపోయినాయి. అయినా ఒక పెద్దాయన తన కట్టుమరాన్ని ఒడ్డుకు లాగి తాళ్ళు విప్పుతా ఉంటే చూసినాం. దుంగలను విడదీసి ఎండకు ఆరబెడతాడట, లేకపోతే నీళ్ళు తాగి బరువెక్కుతాయట. మళ్ళా పోయేటప్పుడు కట్టుకుంటాడు. మా నాయన తమిళంలో అడిగినాడు, "దుంగల సందుల్లో నీళ్ళు వస్తాయి కదా, భయం లేదా?" అని. ఆయన నవ్వినాడు. వచ్చిన దారినే పోతాయి, లోపల దాచుకోవడానికి దీనికి పొట్ట లేదు కదా, అని చెప్పినాడు.

నాయన ఆ మాట విని నా భుజం మీద చెయ్యి వేసినాడు. ఇద్దరమూ నవ్వుకున్నాం.

తిరుగు బస్సులో అమ్మాయికి ఇంకొక సంగతి చెప్పినాను. 2017 సెప్టెంబరులో మన నౌకాదళం ఆడపడుచులు ఆరుగురు తారిణి అనే చాప పడవలో గోవా నుంచి బయలుదేరి, భూమి చుట్టి 2018 మే 21న తిరిగొచ్చినారు. వాళ్ళలో ఇద్దరు తెలుగు వాళ్ళు, విశాఖపట్నం పి. స్వాతి, హైదరాబాదు బి. ఐశ్వర్య. ఆ పడవ కూడా గోవాలోనే కట్టింది. అమ్మాయి కిటికీలోంచి చూస్తూ, "వాళ్ళు తెల్ల జిగురు వాడి ఉండరులే" అంది.

ఇప్పుడు మా వసారాలో ఆదివారం పూట కాలనీ పిల్లలు నలుగురైదుగురు వచ్చి కూర్చుంటున్నారు. నాయన వాళ్ళకు ముందు నేర్పేది పడవ కట్టడం కాదు, ఉలికి పదును పెట్టడం. ఆ తరువాత ప్లైవుడ్డు ముక్క మరగబెట్టడం. అమ్మ పొయ్యి మీద పాత కుండ దిగడం లేదు.

మీరూ ఒక ఆదివారం పిల్లలను తీసుకుని డ్యాము దాకా పోయి రండి. చేప వేపుడు తినండి, పరిసలు అల్లికను దగ్గరగా చూడండి. నీళ్ళలోకి మాత్రం తెలిసినోళ్ళ తోడు లేకుండా దిగనివ్వకండి. మీ ఇంట్లోనూ అటక మీద ఒక గోనెసంచి ఉంటే, దాన్ని కిందికి దించండి. మిల్లు వద్దన్న చేతులకు ఇంట్లో ఇంకా పని ఉంది.